తేలిక స్టాండు ఎవరికి తేలిక?

వేసవి దగ్గరపడేసరికి మన సభ్యుల ఇళ్ళలో రెండు సంభాషణలు మొదలవుతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు ఎప్పుడు వస్తున్నారన్నది ఒకటి, వాళ్ళని ఎక్కడెక్కడికి తీసుకువెళ్ళాలన్నది రెండోది. ఆ రెండోదాంట్లోంచి మూడోది పుడుతుంది: కొండబాటల మీదికి కెమెరా ఎట్లాగూ పట్టుకువెళుతున్నాం గదా, దానికి తేలికపాటి స్టాండు ఏది కొనాలి? ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడిగారు. జవాబు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. కాని చెప్పబోయినప్పుడల్లా ఆ ప్రశ్న కింద ఇంకొక ప్రశ్న కదులుతున్నట్టు మాకు తోస్తూ వచ్చింది. ఏ స్టాండు తేలిక అన్నదానికి త్రాసు చాలు. ఎవరికి తేలిక అన్నదానికి త్రాసు పనికిరాదు.

ఈ వ్యాసం రెండో ప్రశ్న గురించే. అయితే మొదటిది తేల్చకుండా రెండోది ఎత్తుకుంటే, అడిగినదానికి వేదాంతం చెప్పి తప్పించుకున్నట్టు ఉంటుంది గనుక ముందు దాని సంగతి చూద్దాం.

స్టాండు చేసే పని చాలా చిన్నది. కెమెరా కన్ను తెరిచి ఉన్నంతసేపూ అది కదలకుండా పట్టుకోవడం, అంతే. చేత్తో పట్టుకుని తీసేవాళ్ళకు పాతకాలపు లెక్క ఒకటి ఉంది. లెన్సు 50 మిల్లీమీటర్లదైతే సెకనులో 50వ వంతు, 200 మిల్లీమీటర్లదైతే 200వ వంతు. అంతకన్న ఎక్కువసేపు తెరిచి ఉంచితే చేతి వణుకు బొమ్మలోకి వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఈ లెక్కతో ఏ పేచీ లేదు. కాని కొండలు అందంగా కనబడేది మధ్యాహ్నం కాదు. సూర్యుడు శిఖరం వెనక్కి దిగాక మిగిలే వెలుతురుకు ఒక సెకనో రెండు సెకన్లో కావాలి, నక్షత్రాలకైతే పదిహేను, ఇరవై సెకన్లు కావాలి. ఇప్పటి కెమెరాలు లోపలి సెన్సారునే కదిలించి చేతి వణుకును చాలావరకు సరిదిద్దుతున్నాయి. జేబులోని ఫోను కూడా చీకట్లో గబగబా అనేక బొమ్మలు తీసి ఒకటిగా కలిపేస్తోంది. కాబట్టి స్టాండు అవసరం మునుపటికన్న తగ్గిందన్న మాట నిజమే. పూర్తిగా పోలేదన్నదీ నిజమే.

మూడు కాళ్ళే ఎందుకంటే మన ముక్కాలిపీట చెబుతుంది. నాలుగు కాళ్ళ బల్ల ఎగుడుదిగుడు నేలమీద కుంటుతుంది. మూడు కాళ్ళది కుంటదు, ఎంత వంకర రాతిమీదనైనా మూడూ ఆనుతాయి. ఆ మూడు కాళ్ళూ ఒకప్పుడు చెక్కతో చేసేవారు, తర్వాత అల్యూమినియం వచ్చింది, 1990ల నుంచి కార్బన్ ఫైబర్ వచ్చింది. పీక్ డిజైన్ అనే కంపెనీ 2019లో ఒకే నమూనా స్టాండును రెండు లోహాలలో తెచ్చింది. లోహాలనడం తప్పేమో, కార్బన్ లోహం కాదు గదా. అల్యూమినియంది 1.56 కిలోలు, కార్బన్‌ది 1.27 కిలోలు. అంటే తేడా 290 గ్రాములు, చిన్న మంచినీళ్ళ సీసాలో సగానికి పైగా ఖాళీ చేస్తే తగ్గేటంత. ధరలో తేడా మాత్రం అప్పట్లో సుమారు 250 డాలర్లు. ఆ డబ్బు పెట్టగలిగినవాళ్ళు పెట్టుకోవచ్చు, మేము వద్దనము. ఏం కొంటున్నామో తెలిసి కొనమంటాము.

ఇంతకన్న చవకవీ ఉన్నాయి. పావు అంగుళం బోల్టుకు ఒక పురికొస కట్టి, బోల్టును కెమెరా అడుగున బిగించి, తాడు రెండో కొసను కాలితో తొక్కిపట్టి కెమెరాను పైకి లాగి పట్టుకుంటే చెయ్యి సగం వణుకు మానుతుంది. దీనికి డాలరు కూడా కాదు. కొన్ని చేతికర్రల పిడి విప్పితే లోపల అదే పావు అంగుళం మర ఉంటుంది. ఎటూ కర్ర పట్టుకు నడిచేవారికి అది ఒంటికాలి స్టాండుగా పనికివస్తుంది. అన్నిటికన్న మాకు నచ్చినది గింజల సంచి. జేబురుమాలంత గుడ్డసంచిలో బియ్యమో కందిపప్పో పోసి మూతి కుట్టి, బండమీద పెట్టి, దానిలో కెమెరాను కుదేస్తే కదలదు. రాత్రి గుడారం దగ్గర సంచి విప్పి పప్పు వండుకోవచ్చు కూడా. ఏ కంపెనీ కార్బన్ స్టాండుకూ ఈ గుణం లేదు.

ఇక్కడిదాకా ఏ కెమెరా దుకాణంలోనైనా చెబుతారు. దుకాణంవాడు చెప్పనిది ఒకటుంది. తేలిక స్టాండు గాలికి వణుకుతుంది. సన్నని కాళ్ళు, చివరి కణుపు మరీ వెదురుపుల్లంత ఉంటుంది. మధ్య కడ్డీ పైకి లేపితే ఇక చెప్పనక్కర లేదు. అందుకని దానికి ఒక కొక్కెం పెడతారు. కొండమీదికి వెళ్ళాక ఆ కొక్కేనికి వీపుసంచి తగిలించాలి, లేకపోతే ఒక రాయి కట్టాలి. అంటే, ఇంటిదగ్గర వదిలేసి వచ్చిన బరువును కొండమీద అప్పు తెచ్చుకుంటాం. కదలకుండా నిలబడడానికి బరువు కావలసిందే. అది మన వీపున రాకపోతే మరోచోటినుంచి రావాలి.

ఈ సంగతి గమనించినప్పటినుంచి మాకు తేలిక అన్న మాటమీద గురి తగ్గింది. తెలుగులో బరువు అన్న మాట ఒంటరిగా తిరగదు, బరువు బాధ్యతలు అని జంటగానే వస్తుంది. ఆ రెండింటినీ జతపరిచినవాళ్ళు ఊరికే జతపరచలేదనిపిస్తుంది. స్టాండులో తగ్గిన ప్రతి గ్రామూ ఎక్కడికో వెళుతుంది. కొంత డబ్బు రూపంలో మన జీతం మీద పడుతుంది, అది మనం తెలిసి మోసేదే. కొంత మనం చూడనివాళ్ళమీద పడుతుంది.

కొండలను ఫోటో తీసినవాళ్ళ చరిత్ర చూస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ యోసెమిటీ లోయకు వెళ్ళినప్పుడు ఆయన కెమెరా 18 అంగుళాలు, 22 అంగుళాల గాజుపలకల మీద బొమ్మ తీసేది. ఆ రోజుల్లో పలకకు రసాయనం పూసి, అది తడి ఆరకముందే బొమ్మ తీసి, అక్కడికక్కడే కడగాలి. అందుచేత చీకటి గుడారమూ, సీసాలూ, నీళ్ళూ, గాజూ అన్నీ వెంట నడవాలి. కంచరగాడిదలు మోశాయి. ఆ బొమ్మలు వాషింగ్టన్ దాకా వెళ్ళాయి, 1864లో లింకన్ ఆ లోయను ప్రజలకోసం కాపాడే చట్టంమీద సంతకం పెట్టడంలో వాటి పాత్ర కూడా ఉందని చరిత్రకారులు చెబుతారు. ఈనాడు మనం పిల్లలతో వెళ్ళి చూస్తున్న లోయ అదే. కాబట్టి ఆ గాడిదలు మోసిన బరువు వృథా పోలేదు.

అదే సమయంలో మన దేశంలో సంగతి వేరుగా నడిచింది. శామ్యూల్ బోర్న్ అనే ఇంగ్లీషు ఫోటోగ్రాఫరు 1863లో సిమ్లానుంచి హిమాలయాల్లోకి మొదటి యాత్ర చేశాడు, తర్వాత 1864లోనూ 1866లోనూ మళ్ళీ వెళ్ళాడు. 1866లో 18,600 అడుగుల ఎత్తున మణిరంగ్ కనుమ దగ్గర బొమ్మలు తీశాడు. అంత ఎత్తున అంతకుముందు ఎవరూ తీసినది లేదు. చూస్తే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించే బొమ్మలవి. వాటికోసం మొదటి యాత్రలోనే ముప్పైమంది దాకా కూలీలు అతని వెంట నడిచారు, తరువాతి యాత్రల్లో ఇంకా ఎక్కువమంది. లండను ఫోటోగ్రఫీ పత్రికకు అతను వ్రాసిన యాత్రావిశేషాల్లో మంచుకొండల వర్ణన ఎంత ఉందో, చలికి భయపడి మోతలు దించి పారిపోయిన కూలీల మీద కోపం కూడా అంత ఉంది. దాక్కున్నవాళ్ళను వెతికి పట్టుకుని కర్రకు పనిచెప్పిన సంగతి అతనే సంకోచం లేకుండా వ్రాసుకున్నాడు. బొమ్మ కింద బోర్న్ పేరుంది. మోసినవాళ్ళ పేర్లు లేవు. వాళ్ళు ఏ ఊరివాళ్ళో, తిరిగి ఇళ్ళకు చేరారో లేదో, ఆ గాజుపలకల్లో తమ కొండలు ఎట్లా కనిపించాయో ఒక్కసారైనా చూశారో లేదో, ఆ వ్యాసాల్లో ఎక్కడా ఉండదు.

బోర్న్‌ను మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. ఆ కాలం అట్లాంటిదని సరిపెట్టుకుని మనం ఊపిరి పీల్చుకోవడానికీ వీల్లేదు. మన సభ్యుల్లో కిలిమంజారో ఎక్కి వచ్చినవాళ్ళు కొందరున్నారు. అక్కడ ఒక కూలీ మీద 20 కిలోలకన్న మోపకూడదని నియమం ఉంది, దారిలో తూకం వేస్తారు. నియమం పెట్టవలసి వచ్చిందంటేనే అంతకన్న ఎక్కువ మోపేవాళ్ళు ఉన్నారని అర్థం. మన స్టాండు కిలోంపావే గదా అనవచ్చు. ఆ కిలోంపావు, మడత కుర్చీ, రెండో జత బూట్లు, ఇట్లా ఒక్కొక్కటిగా ఏవీ బరువు కానివాటితోనే ఆ 20 కిలోలు నిండుతాయి.

మోసేవాడూ మోయించేవాడూ అన్న మాట వస్తే మన తెలుగువాళ్ళకు జడభరతుడి కథ గుర్తుకు రాక తప్పదు. భాగవతం పంచమస్కంధంలో ఉంది. తెలుగులో ఆ స్కంధం పోతనగారిది కాదు, గంగనది. సింధు సౌవీర దేశాల రాజు రహూగణుడు పల్లకీలో వెళుతూ ఉంటాడు. బోయీ ఒకడు తక్కువ పడితే, దారిలో కనిపించిన దుక్కలాంటి మనిషిని పట్టుకువచ్చి భుజం పెట్టిస్తారు. అతను జడభరతుడు, మహాజ్ఞాని. కాలికింద చీమలేమైనా పడతాయేమోనని చూసి చూసి అడుగు వేస్తాడు. మిగతావాళ్ళ అడుగుతో అతని అడుగు కలవదు. పల్లకీ కుదుపుతుంది. లోపలినుంచి రాజు వెటకారం మొదలుపెడతాడు, పాపం ముసలివాడివి, ఎంతో దూరం ఒక్కడివే మోసి అలసిపోయావు కాబోలు అని.

విష్ణుపురాణంలో ఈ కథకే జడభరతుడు ఇచ్చే జవాబు చాలా చిత్రంగా ఉంటుంది. నేలమీద పాదాలున్నాయి, పాదాలమీద పిక్కలు, వాటిమీద తొడలు, తొడలమీద నడుము, పైన ఛాతీ, భుజాలు, భుజాలమీద పల్లకీ, పల్లకీలో నీవనుకునే దేహం. ఇందులో నా మీద ఉన్న బరువేది అని అడుగుతాడు. మా ఉద్దేశంలో ప్రపంచంలో ఎక్కడైనా స్టాండు పనితీరును ఇంత చక్కగా వివరించినవాళ్ళు లేరు. పైనున్నది కిందిదానికి, అది దాని కిందిదానికి అప్పజెబుతూ, చివరికి నేలకు చేరాలి. మధ్యలో ఏ కీలు వదులైనా పైన కుదుపే.

హాస్యం అటుంచి, ఈ జవాబును మనం వాడుకునే తీరులో ఒక ప్రమాదం ఉంది. బరువనేది దేహానికే గాని ఆత్మకు లేదని మోసేవాడు చెబితే అది జ్ఞానం. ఆ మాటే పల్లకీలో కూర్చున్నవాడు చెబితే వినడానికి కూడా బాగుండదు. ఇండియాలో ఇంటి పనివాళ్ళ సంగతి వచ్చినప్పుడు "వాళ్ళకది అలవాటేలెండి" అని మనవాళ్ళు అనడం విన్నాం. కిలిమంజారోనుంచి వచ్చినవాళ్ళూ కూలీలను గురించి అదే మాట అన్నారు. అలవాటు వల్ల నైపుణ్యం వస్తుంది, వీపు ఇనుము కాదు. కథలో మేము గమనించినవి రెండు. కుదుపు వచ్చింది మోసేవాడి చేతకానితనంవల్ల కాదు, కింద చీమలున్నాయన్న ఎరుకవల్ల. పైనున్నవాడికి చీమలు కనిపించవు, కుదుపే తెలుస్తుంది. రెండోది, రహూగణుడు ముందు పల్లకీ దిగాడు. ఆ తర్వాతనే తత్త్వం చెప్పమని అడిగాడు.

చీమల మాట ఎట్లాగూ వచ్చింది గనుక యూటా రాష్ట్రం సంగతి చెప్పాలి. ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్ వైపు వెళ్ళినవాళ్ళు దారి పక్క ఇసుకమీద నల్లగా, గరుకుగా, మాడిన అట్టు అంచులాంటి పొర చూసే ఉంటారు. అది మట్టి కాదు, ప్రాణమున్న పొర. కంటికి కనిపించని జీవులు నారలాంటి తీగలతో ఇసుకరేణువులను కట్టిపడేసి గాలికి కొట్టుకుపోకుండా ఆపుతాయి, మొక్కలకు నత్రజని అందిస్తాయి. ఒక్క అడుగు పడితే పొడి అవుతుంది. తిరిగి మామూలు కావడానికి దశాబ్దాలు పడుతుంది. కాలిబాటమీద, బండమీద నడిచేవాడికి దానితో తగువు లేదు. కెమెరా ఉన్నవాడికి మాత్రం ఎప్పుడూ పక్కకి నాలుగడుగులు వేస్తే బాగుండుననిపిస్తుంది, అక్కడినుంచి కొండ ఇంకా బాగా కుదురుతుంది గదా. స్టాండు ఉంటే మనిషి రెండు కాళ్ళు, స్టాండు మూడు కాళ్ళు, మొత్తం అయిదు.

ఇక తోటి మనుషుల ఓర్పుమీద పడే బరువు సంగతి. అరిజోనాలో నావహో జాతివారి భూమిలో ఆంటెలోప్ కాన్యన్ ఉంది. ఎర్రరాతిలో సన్నని సందు, పైనుంచి మధ్యాహ్నంపూట వెలుగు కడ్డీలా దిగుతుంది. ఒకప్పుడు స్టాండులున్నవాళ్ళకు వేరే టికెట్టుతో ఫోటో యాత్రలు నడిపేవారు. వాళ్ళకోసం దారి చూపేవాళ్ళు మిగతా యాత్రికులను ఆపి ఉంచేవారు. ఆ రెండు నిమిషాల్లో ఖాళీగా కనిపించే కాన్యన్‌ను ఫోటో తీసుకుని ఇంటికి తెచ్చుకునేవారు. 2019 చివర ఆ యాత్రలు ఆపేశారు. ఆ బొమ్మల్లోని నిశ్శబ్దం చూసి ముగ్ధులైనవాళ్ళలో మేమూ ఉన్నాం. ఫ్రేముకు అవతల పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ నలభైమంది అందులో పడరు గదా.

ఇంటి మనుషులైతే ఇంకా మాట్లాడరు. యోసెమిటీలో వెర్నల్ జలపాతానికి వెళ్ళే మిస్ట్ ట్రెయిల్‌లో చివర ఆరువందలకు పైగా రాతిమెట్లున్నాయి. ఎప్పుడూ తడి, నీటితుంపర ముఖాన కొడుతూ ఉంటుంది. కిందటి వేసవిలో అక్కడ ఒక తెలుగు కుటుంబం మా ముందు ఎక్కుతోంది. కొడుకు ముందు, కోడలు పిల్లను పట్టుకుని మధ్యన, వెనక డెబ్బయ్యేళ్ళ తండ్రిగారు, చేతిలో స్టాండు సంచి. కొడుకు వెనక్కి తిరిగి, "నాన్నగారూ, మీకేం బరువు కాదు గదా, అది కార్బన్‌ది" అన్నాడు. ఆయన "అబ్బే, బాగానే ఉందిరా" అన్నారు. నిజంగానే అది బరువు కాదు, కిలో ఉంటుందేమో. కాని ఆ మెట్లదగ్గర ఆయనకు కావలసింది రెండు ఖాళీ చేతులు. ఒకటి గోడ పట్టుకోవడానికి, ఒకటి కళ్ళద్దాల మీది తుంపర తుడుచుకోవడానికి. కొడుకు చెడ్డవాడేం కాదు, పై మెట్టుమీద ఆగి తండ్రికి చెయ్యి ఇచ్చాడు కూడా. సంచి సంగతే అతనికి తట్టలేదు, తేలికది గనుక. నిజంగా బరువైనదై ఉంటే తండ్రి చేతికి ఇచ్చేవాడే కాదు. మనవాళ్ళకు కొండ ఎక్కడమంటే ముందు గుర్తొచ్చేది అలిపిరి మెట్లు, అక్కడ కిందనే సామాను ఇచ్చేస్తే దేవస్థానంవాళ్ళే పైకి చేరుస్తారు, ముసలీ ముతకా అందరూ వట్టి చేతులతో గోవిందా అంటూ ఎక్కుతారు. ఆ ఏర్పాటు చేసినవాళ్ళు మనుషుల చేతుల సంగతి బాగా ఎరిగినవాళ్ళు.

ఇదంతా చదివి, అయితే స్టాండు ఇంట్లో పడేసి, కళ్ళారా చూసి రమ్మంటారా అని అడగవచ్చు. అట్లా చెప్పే పెద్దలు మన సంఘంలో ఉన్నారు. కళ్ళతో చూసిందే చూడడం, మిగతాదంతా దాచుకునే ఆశ అంటారు. మేము ఆ పక్షం కాదు. మన ఇళ్ళలో ఆల్బములు తిరగేయండి. పిల్లల పుట్టినరోజులు, నయాగరా, డిస్నీలాండు, గ్రాండ్ కాన్యన్, అన్నీ ఉంటాయి. ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి ఎక్కడా ఉండరు, కెమెరా పట్టుకున్న మనిషి. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక చూసుకుంటే అమ్మ అన్నిచోట్లా ఒక్కతే పిల్లల్ని తిప్పినట్టుంటుంది, లేదా నాన్న. స్టాండుమీద కెమెరా పెట్టి, పది సెకన్ల మీట నొక్కి, పరుగెత్తుకొచ్చి పక్కన నిలబడితేనే ఆ మనిషి కుటుంబంలోకి వస్తాడు. దారినపోయేవాళ్ళకు ఇచ్చి తీయమనడమూ మంచిదే, పరిచయమవుతుంది. కాని రాత్రిపూట గుడారం పక్కన, పాలపుంత కింద, ఎవరూ దారినపోరు.

ఇంకొక సంగతి. ఊళ్ళో కదలలేని అమ్మమ్మకు, కొండలు ఎక్కలేని పెదనాన్నకు మనం పంపే బొమ్మ కూడా ఒక మోత. వాళ్ళు రాలేనిచోటికి వాళ్ళ కళ్ళను మోసుకువెళ్ళడం. అందుకు ఒక కిలో అదనంగా మోస్తే తప్పేమీ లేదు. (జలపాతాలను ఆరేసిన పట్టుచీరల్లా తీయడానికి మోసే కిలో వేరు. నీళ్ళు అట్లా ఉండవు, ఎవరి కంటికీ కనిపించవు కూడా. ఇది మా సొంత చిరాకు, పాఠకులు పట్టించుకోనవసరం లేదు.)

స్టాండుకు ఇంకొక గుణమూ ఉంది, అది ఆపుతుంది. ఆన్సెల్ ఆడమ్స్ 1927 ఏప్రిల్ 10న యోసెమిటీలో హాఫ్ డోమ్ ఎదుట ఒక కొండకొమ్ము దాకా మంచులో ఎక్కాడు. వీపున పెద్ద కెమెరా, బరువైన చెక్క స్టాండు, 12 గాజుపలకలు. హాఫ్ డోమ్ ఎదుటికి వచ్చేసరికి రెండే మిగిలాయి. ఒకటి పసుపు ఫిల్టరుతో తీశాడు, అది తను లోపల అనుభవించినట్టు రాదనిపించి, చివరి పలకను ముదురు ఎరుపు ఫిల్టరుతో తీశాడు. ఆకాశం దాదాపు నల్లగా, కొండ నిటారుగా వచ్చిన ఆ రెండోదే ప్రపంచం చూసింది. మోసినది తనే గనుక, పలకలు రెండే గనుక, అంత ఆలోచించాడని మాకు తోస్తుంది. బరువు ఎప్పుడూ శత్రువు కాదు.

అదే కొండకు ఇంకొక కథ ఉంది. 1973లో గేలెన్ రోవెల్, మరి ఇద్దరు కలిసి హాఫ్ డోమ్ వాయవ్య ముఖం ఎక్కారు. అంతకుముందు ఎక్కినవాళ్ళు రాతి సందుల్లో ఇనుపమేకులు సుత్తితో దిగగొట్టి, మళ్ళీ ఊడబెరికేవారు. పదిసార్లు కొడితే రాయి పెచ్చులూడి గాయాలు పడేది. వీళ్ళు సుత్తి వాడకుండా, చేత్తో ఇరికించి చేత్తోనే తీసే అల్యూమినియం బిళ్ళలతో పైకి చేరారు. 1974 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్‌లో ఆ కథ వచ్చింది. రోవెల్ గొప్ప ఫోటోగ్రాఫరు కూడా, 2002లో విమాన ప్రమాదంలో పోయేదాకా చిన్న కెమెరాలతో, తేలిక సామానుతో కొండలు తిరిగినవాడు. ఆయన ఎక్కడం చూస్తే తేలికకు ఒక మంచి అర్థం దొరుకుతుంది. ఆ బిళ్ళలు ఎక్కేవాడి భుజానికి ఎంత తేలికో మాకు పట్టలేదు. రాతికి తేలిక. ఎక్కేవాడికి భయం ఎక్కువే, సందులో ఇరికించిన బిళ్ళ మేకంత నమ్మకంగా ఉందో లేదో ప్రతి అడుగుకూ తనే చూసుకోవాలి. ఆ భారం తన మీద వేసుకున్నాడు.

ఇంతకీ ఏది కొనాలి? మా అభిప్రాయం ఇది. ఒక్కరే నడిచేవాళ్ళు, మోయగలిగినవాళ్ళు, సుమారు కిలోన్నర అల్యూమినియంది కొనుక్కుని, మిగిలిన డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు స్టాండు వద్దు, గింజల సంచి చాలు. అది జేబులో పడుతుంది, ఎవరి చేతికీ ఇవ్వనక్కర లేదు. కూలీలు మోసే యాత్రలకు వెళ్ళేవాళ్ళు స్టాండును తమ వీపుసంచిలోనే పెట్టుకోవాలి. మోయలేమనిపిస్తే అక్కడితో వదిలేయాలి. మోనోపాడులు మాకు పెద్దగా నచ్చవు, కాని చేతికర్ర ఎటూ ఉన్నవాళ్ళ మాట వేరు.

కుటుంబమంతా కలిసి ఒక్క ఫోటో కావాలనుకునేవాళ్ళకోసం మాకొక ఆలోచన ఉంది, కార్యవర్గం ముందు పెడుతున్నాం. ఏడాదికి రెండుసార్లు వాడే వస్తువును ముప్పై ఇళ్ళలో ముప్పై కొనడంకన్న, సంఘం తరఫున మంచిది ఒకటి కొని ఉంచితే బాగుంటుంది. వేసవి నడకల్లో దాన్ని అరగంటకొకరు చొప్పున మోయాలి. పదిహేనేళ్ళు దాటిన పిల్లలకు కూడా వంతు ఉండాలి, అరవై దాటినవాళ్ళకు ఉండకూడదు, వాళ్ళు కావాలని అడిగినా సరే. ఎక్కడ నిలపాలన్నది ఆ సమయంలో మోస్తున్నవాళ్ళు చెప్పాలి. బాట దాటి నిలపమని ఎవరడిగినా కాదనే అధికారం కూడా వాళ్ళదే. తిరిగి ఇచ్చేటప్పుడు కాళ్ళ కణుపుల్లో ఇసుక తుడవాలి. పైన కెమెరా బిగించే చిన్న ప్లేటు ఒకటి ఉంటుంది, అది వాడినవాళ్ళ కెమెరాకే అతుక్కుని వాళ్ళింటికి వెళ్ళిపోతూ ఉంటుంది. ప్లేటు లేని స్టాండును తరువాతి కుటుంబం కొండమీదిదాకా ఊరికే మోస్తుంది గనుక, సంచి ఇచ్చేముందు జిప్పు తీసి అది ఉందో లేదో ఇద్దరూ కలిసి చూసుకోవాలి.